విమానాన్ని ఓడించిన ఆదివారం

2010 జూన్‌లో జరిగిన బదిలీల్లో నాకు అల్మాస్‌గూడ వైపున్న ఒక ప్రాథమిక పాఠశాల వచ్చింది. అప్పటికి నేను ఇరవై ఏళ్ల సర్వీసున్న సెకండరీ గ్రేడ్ టీచర్ని. అంటే ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏ సబ్జెక్టయినా, అవసరమైతే అన్నీ ఒకేసారి చెప్పాల్సిన మనిషిని. బడికి రెండు గదులు, ఒక వరండా, ఒక జెండా గద్దె, ఇద్దరు టీచర్లు. కాగితం మీద ఒకటి, రెండు తరగతులు ప్రధానోపాధ్యాయుడు యాదగిరి సారువి, మిగతా మూడూ నావి. సారుకు రికార్డుల పని ఉంటుంది కనుక పదకొండు దాటాక ఐదూ నావే.

యాదగిరి సారుది నల్గొండ జిల్లా. ఎల్బీ నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవారు. ఆయనకు ప్రాణంతో సమానమైనవి రెండు, తెలంగాణ, రిజిస్టర్లు. హాజరు పట్టీలో ఎర్ర సిరా పడాల్సిన చోట నల్ల సిరా పడితే ఆ రోజు ఆయన టీ తాగరు. నాది తెనాలి. మా ఆయన ఉద్యోగం కోసం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి అక్కడే స్థిరపడ్డాం. మా ఇద్దరి తెలుగూ విని పెరిగిన ఆ బడి పిల్లలు సారుతో ఒక యాసలో, నాతో ఒక యాసలో మాట్లాడేవాళ్లు. సారును అనుకరించడం కంటే నన్ను అనుకరించడం బాగా చేసేవాళ్లు.

మరుసటి ఏడు సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, టీచర్లందరం సమ్మెలో ఉన్నాం. తెనాలిదానివి నీకు ఆ సమ్మె టెంటులో ఏం పనని మా చుట్టాలు ఫోన్లు చేసేవారు. నాకూ మొహమాటంగానే ఉండేది, కొన్ని నినాదాలు విన్నప్పుడు బాధ కూడా కలిగేది. ఆ సంగతి సారు కనిపెట్టారు. ఒకరోజు పక్కన కూర్చుని, “మేడం, మీరు నినాదం ఇయ్యకున్నా ఏం కాదు. పులిహోర మాత్రం బంద్ పెట్టకుండ్రి” అన్నారు. పులిహోర ఎందుకంటే, ఆ రోజుల్లో వంటావార్పు అని ఒక నిరసన ఉండేది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులు కూర్చుని తినడం. ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సులు తిరగాల్సిన చోట గిన్నెలు ఉడికేవి. అందులో పులిహోర నా వంతు. మా బడి పిల్లలు పళ్లాలు పట్టుకుని తల్లిదండ్రులతో వచ్చేవాళ్లు. సమ్మె ముగిసేసరికి వాళ్లు ఎక్కాలు సగం మరిచిపోయారు గానీ, టీచర్లున్న చోట పొగ లేస్తే భోజనం ఉంటుందన్న పాఠం మాత్రం బాగా నేర్చుకున్నారు. ఆ పాఠమే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

సమ్మె అయ్యాక పోయిన పనిదినాలను ఆదివారాలు బడి నడిపి పూడ్చమన్నారు. ఆదివారం బడికి ఎవరొస్తారు? మా పిల్లల ఇళ్లలో మాంసం ఉడికేది ఆ ఒక్కరోజే. బడి రోలు మీద, అంటే హాజరు పట్టీలో, అరవై నాలుగు మంది ఉంటే మొదటి ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. అందులో ఇద్దరు బంతాట కోసం వచ్చి పొరపాటున గంట విని కూర్చున్నవాళ్లు.

సోమవారం మండల విద్యాధికారి నుంచి కబురు వచ్చింది. హాజరు పడిపోయిన బడులను పక్క బడుల్లో కలిపే ఆలోచన ఉందనీ, వచ్చే ఆదివారం తానే వచ్చి లెక్క చూస్తాననీ. కనీసం సగం మంది, అంటే ముప్పై రెండు తలలు, రెండు పూటలా కనిపించాలి. ఈ రెండు పూటల సంగతి కొంచెం చెప్పాలి. ప్రాథమిక పాఠశాలలో హాజరు రోజుకు రెండుసార్లు తీయాలి. ప్రార్థన తర్వాత ఒకసారి, మధ్యాహ్న భోజనం అయ్యి రెండో గంట కొట్టాక ఇంకోసారి. అన్నం తిని ఇంటికి జారుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి ఆ రెండో లెక్క.

మమ్మల్ని కలపబోయే బడి సాగర్ రోడ్డుకు అవతల ఉంది. ఆ రోడ్డు మీద దేవరకొండ బస్సులు, ఇసుక లారీలు ఆగకుండా పోతుంటాయి. నేనే చీర కుచ్చిళ్లు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని దాటేదాన్ని. మా ఒకటో తరగతిలో పదకొండు మంది ఆరేళ్ల పిల్లలున్నారు. తల్లులు తెల్లారేసరికి పనుల్లోకి పోతారు, చెయ్యి పట్టుకుని దాటించే దిక్కుండదు. వాళ్లు రోజుకు రెండుసార్లు ఆ రోడ్డు దాటడం తలుచుకుంటే నాకు అన్నం సహించలేదు.

పిల్లల్ని ఆదివారం రప్పించాలంటే మాంసం కూరను మించిన పాఠం కావాలి. మూడు, నాలుగు, ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానంలో రవాణా సాధనాలున్నాయి. అందులోంచి ఎగరడం చరిత్ర బయటికి లాగాను. శనివారం మూడు తరగతులనూ వరండాలో కూర్చోబెట్టి, ఈకలు కట్టుకుని గోపురాల మీంచి దూకి కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లతో మొదలుపెట్టాను. తర్వాత ఫ్రాన్సు అన్నదమ్ములు. కాగితం తయారుచేసే ఇల్లు వాళ్లది. రెండు వందల ఏళ్ల కిందట ఐదంతస్తుల మేడంత బెలూను కట్టి, కింద మంట పెట్టి, వేడిగాలి నింపి, బుట్టలో ఒక గొర్రెను, ఒక కోడిపుంజును, ఒక బాతును ఎక్కించి రాజుగారి ముందు ఆకాశంలోకి వదిలారు. మూడూ క్షేమంగా దిగాయి. గొర్రె దిగీ దిగగానే గడ్డి మేసింది.

పిల్లలు కదలకుండా విన్నారు. ఐదో తరగతి వెంకటేశు చెయ్యెత్తి, “రాజు ఆ గొర్రెను కోసిండా టీచర్?” అని అడిగాడు. లేదు, తోటలో పెంచుకున్నాడని చెబితే వరండా అంతా నిరాశ పడింది. నేను కంగారులో ఇలా ప్రకటించాను: “రేపు మన బడిలో కూడా గొర్రె, కోడి, బాతు ఉంటాయి. లచ్చమ్మ పెద్ద పొయ్యి వెలిగిస్తుంది. ఎవరూ మానకండి. సమ్మెలో బడి మారినవాళ్లను కూడా పట్టుకురండి.”

లచ్చమ్మ మా మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఆమె ఎర్ర పుంజును అడిగి ఉంచాను. గొర్రెనూ బాతునూ అట్టతో చేద్దామని నా ఆలోచన. పొయ్యి, బెలూనులోకి వేడిగాలి కోసం. ఇప్పుడు గుర్తుచేసుకుంటే ఆ ప్రకటనలో విమానం అన్న మాట లేదు, బెలూను అన్న మాట లేదు. శనివారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో పతంగుల కాగితం కొని, మైదా ఉడికించి, మా ఆయన చేత కూడా అంటింపించి, మనిషెత్తు బెలూను తయారుచేసి హాయిగా పడుకున్నాను.

ఆదివారం ఎనిమిదిన్నరకు వెళ్లేసరికి గేటు ముందు జనం. మా పిల్లలు, వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు, కొందరి తల్లులు. ఆటో నడిపే మల్లయ్య ఏడుగురు పిల్లల్ని కుక్కుకుని తెచ్చాడు. వాళ్లలో ఇద్దరు ఆయన పిల్లలే. కూతురు మౌనిక నాలుగో తరగతి, కొడుకు ఒకటో తరగతి. సమ్మెలో ఇద్దరినీ మా బడి మాన్పించి ఒక ప్రైవేటు బడిలో వేశాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో నా పాఠం వినడానికి ఇంత జనం ఎన్నడూ రాలేదు. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. ఎగరడం చరిత్రకు ఇంత గిరాకీ ఉందని తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని కదా అనుకున్నాను.

అప్పుడు పళ్లాలు చూశాను. మా పిల్లలు భోజనం పళ్లెం తెచ్చుకోవడం మామూలే. కానీ తల్లుల చేతుల్లోనూ పళ్లాలున్నాయి. ఒక ముసలమ్మ స్టీలు డబ్బా తెచ్చుకుంది, మూతతో సహా. లచ్చమ్మ నన్ను పక్కకు లాగి, “మేడం, పొట్టేలా, ఆడగొర్రెనా అని అడుగుతున్నరు. నేనేం చెప్పాలె? మసాలా నూరుదునా?” అంది.

సమ్మె ముగిసింది. ఆదివారం. బడిలో టీచర్లు. గొర్రె, కోడి, బాతు, పెద్ద పొయ్యి. ఆ నెలన్నర అక్కడ బతికిన ఎవరైనా ఇంకోలా ఎలా అర్థం చేసుకుంటారు? ఊరంతా దావత్ అనుకుని వచ్చారు. నాకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. ఆపుకోలేక ఆఫీసు గదిలోకి పారిపోయాను. యాదగిరి సారు అక్కడే తల పట్టుకుని ఉన్నారు. “ఇప్పుడు చెప్తే పోతరు. చెప్పకుంటే తంతరు” అన్నారు. ఒక నిమిషం ఆలోచించి, “మంగళవారం ఇచ్చే గుడ్డు ఇయ్యాలకు జరిపిన. గంతకంటే నా చేతుల ఏం లేదు” అని రిజిస్టరులో రాసుకున్నారు.

అంతలో విద్యాధికారి స్కూటరు ఆగింది. నెమ్మదైన మనిషి, మాట తక్కువ, చంకలో ఫైలు. గుంపును చూసి ఆయన అద్దాలు తుడుచుకున్నారు. ప్రార్థన తర్వాత వరుసలు కట్టించి తలలు లెక్కపెట్టారు. రోలు మీదివాళ్లు యాభై తొమ్మిది మంది. బడి మారిన పిల్లలను పక్కన నిలబెట్టి, వీళ్లు లెక్కలోకి రారన్నారు. సారు వెంటనే ప్రవేశాల రిజిస్టరు తెరిచారు. కొత్తగా వచ్చిన విద్యా హక్కు చట్టం ప్రకారం బదిలీ సర్టిఫికెట్ లేకపోయినా చేర్చుకోవచ్చు. తండ్రి సంతకం పెడితే చాలు. అందరికంటే ముందు మల్లయ్య దగ్గరికి పెన్ను పట్టుకెళ్లారు. మల్లయ్య పొయ్యి వైపు చూసి, “తిన్నంక పెడ్త సార్” అన్నాడు.

సగం యుద్ధం గెలిచాం. రెండో సగం మధ్యాహ్నం భోజనం తర్వాత. ఆ లోపల గొర్రె లేదని తెలియక తప్పదు.

పాఠం మొదలుపెట్టాను. బుట్టలో అట్ట గొర్రె, అట్ట బాతు, వాటి మధ్య లచ్చమ్మ పుంజు. అట్ట గొర్రెను జనం బొమ్మ అనుకున్నారు, అసలుది వెనకాల ఎక్కడో కట్టేసి ఉందనుకున్నారు. నేను అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. అది తప్పే. పొయ్యి మీద బెలూను పట్టుకున్నాం. కాగితం ఊపిరి పీల్చుకుని ఉబ్బింది, నలుగురు పిల్లలు అంచులు పట్టుకున్నారు, బుట్ట కట్టాం, వదిలాం. బుట్ట కదల్లేదు. పుంజు నన్ను చూసింది. వెంకటేశు, “పుంజు బరువున్నది టీచర్, కోస్తే తేలికైతది” అన్నాడు. దారం విప్పేశాను. బెలూను ఒక్కసారిగా లేచి, జెండా కర్ర దాటి, పక్కింటి మేడ దాటి, నీళ్ల ట్యాంకు మీద వాలింది. అరుపులకు పుంజు బెదిరి బుట్టలోంచి ఎగిరి సారు బల్ల మీద దిగింది. ఆ రోజు ఆ బడిలో సాయం లేకుండా ఎగిరిన ప్రాణి అదొక్కటే.

తర్వాత సైకిళ్ల దుకాణం అన్నదమ్ముల కథ. అమెరికాలో ఒక ఊరు, పంచర్లు వేసే చేతులు. కాలేజీ మొహం చూడలేదు, ఇంజను కూడా తమ దుకాణంలోనే చేయించుకున్నారు. ఎవరు ముందు ఎక్కాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. పైలట్ బోర్లా పడుకోవాలి. వాళ్ల విమానం మొదటిసారి గాలిలో ఉన్నది పన్నెండు సెకన్లు, పోయిన దూరం నూట ఇరవై అడుగులు. ఎంత దూరమో చూద్దామన్నాను. నా సంచిలో కుట్టుమిషను టేపుంది, ఐదడుగులది. ఇరవై నాలుగుసార్లు పడాలని మూడో తరగతి పిల్లలే చెప్పారు. జెండా గద్దె నుంచి మొదలుపెట్టి గేటు దాటాం. ఇరవై నాలుగోది వీధిలోని బోరింగు పంపు దగ్గర ముగిసింది.

పిల్లలు బోరింగు వైపు, గద్దె వైపు మార్చి మార్చి చూశారు. మౌనిక, “గింతేనా టీచర్?” అంది. గింతేనని చెప్పాను. “గీడికి నేను ఉరుకుత. పన్నెండు గూడ పట్టదు.” అదే నాకు కావాల్సింది. రెండో గంట కొట్టాక విమానంతో పందెం, ఎవరైనా రావచ్చని ప్రకటించి బోరింగు దగ్గర వీధికి అడ్డంగా సున్నం గీత గీయించాను.

పన్నెండున్నరకు ఇక ఆపలేక గద్దె ఎక్కాను. అట్ట గొర్రెను పైకెత్తి, గొర్రె ఇదేనండి అన్నాను. నేను చెప్పిన తీరే తప్పు, దావత్ లేదు, పప్పన్నం, గుడ్డు ఉన్నాయి, మన్నించండి అని దణ్ణం పెట్టాను. స్టీలు డబ్బా ముసలమ్మ నెమ్మదిగా, “గీ అట్ట గొర్రె కోసమా నేను మీర్‌పేట నుంచి నడిచొస్తిని” అంది. ఎవరో నవ్వారు. కొందరు నవ్వలేదు. ఇద్దరు తల్లులు అక్కడికక్కడే పిల్లల చేతులు పట్టుకుని గేటు దాటారు. మిగతావాళ్లు పప్పన్నం తిన్నారు, కానీ తింటూ గేటు వైపే చూస్తున్నారు. విద్యాధికారి వరండాలో ఫైలు ఒళ్లో పెట్టుకుని, గుడ్డు పెంకు వలుచుకుంటున్నారు.

మల్లయ్య చెయ్యి కడుక్కుని ఆటో తిప్పాడు. కొడుకును ఎక్కించాడు, కూతుర్ని పిలిచాడు. మౌనిక సున్నం గీత దగ్గర నిలబడి ఉంది. “నువ్వు పో నాన్న. నేను విమానాన్ని ఓడగొట్టి ఒస్త” అంది. మల్లయ్య రెండోసారి పిలిచాడు. కొడుకు ఆటో దిగి అక్క పక్కకు పరుగెత్తాడు. మల్లయ్య మమ్మల్ని, పిల్లల్ని, గీతను చూసి, “ఏంది మేడం గీ పరేషాన్” అంటూ ఇంజను ఆపేశాడు.

ఒంటి గంటకు లచ్చమ్మ రెండో గంట కొట్టింది. విద్యాధికారి లేచి వరుసలు లెక్కపెట్టారు. నేను ఆయన పెదవులనే చూస్తున్నాను. రోలు మీదివాళ్లు యాభై ఒక్క మంది.

ఆ తర్వాత జరిగింది పాఠం అనడానికి వీల్లేదు. విద్యాధికారి తన గడియారం విప్పి ఇచ్చారు, కాసేపటికి నమ్మకం చాలక తిరిగి తీసుకుని తానే సమయం చూశారు. మొదట మౌనిక. ఎనిమిది సెకన్లు. ఒకటో తరగతి పదకొండు మందినీ ఒకేసారి వదిలితే పదిలో చేరారు. ఒకడికి చెప్పు ఊడి, వెనక్కి వెళ్లి తెచ్చుకుని కూడా విమానం కంటే ముందొచ్చాడు. చేరిన ప్రతివాడూ బోరింగును పట్టుకుని ఊపుతుంటే నీళ్లు పడి గీత చెరిగిపోయింది, మళ్లీ గీశాం. మల్లయ్య ఆటోవాళ్ల పరువు నిలబెడతానని ఉరికాడు, ఏడు సెకన్లు. ముసలమ్మ నడిచింది, విమానం గెలిచింది. “గెలిస్తే గెలవనీ, దానికి మోకాళ్ల నొప్పుల్లేవు గద” అని డబ్బా చంకన పెట్టుకుంది. నేను కుచ్చిళ్లు దోపుకుని ఉరికితే సరిగ్గా పన్నెండు. నాదీ విమానానిదీ సమానం. ఆఖర్న పిల్లలు యాదగిరి సారును గుంజుకొచ్చారు. చెప్పులు విడిచి, రిజిస్టరు నా చేతికిచ్చి, కళ్లు మూసుకుని ఉరికారాయన. పదకొండున్నర. లేచిన అరుపులకు పక్క కాలనీవాళ్లు బయటికొచ్చి, తెలంగాణ ఇచ్చేసిన్రా అని అడిగారు.

మల్లయ్య సారు చేతిలోంచి పెన్ను తీసుకుని ఇద్దరు పిల్లల పేర్ల ఎదుటా సంతకం పెట్టాడు. మాంసం మాట ఎత్తలేదు.

విద్యాధికారి తనిఖీ పుస్తకం రాయడానికి కూర్చున్నారు. నాకు మనసొప్పలేదు. దగ్గరకు వెళ్లి, ఈ జనం పాఠం కోసం రాలేదనీ, గొర్రె మాంసం అనుకుని వచ్చారనీ చెప్పేశాను. రాయడం ఆపకుండానే ఆయన, “తెలుసు మేడం. పొద్దుగాల హాజరు గొర్రెది. మధ్యాహ్నం హాజరు మీది. నేను రెండోదే లెక్కల రాసుకున్న” అన్నారు.

బడి అక్కడే ఉంది. మల్లయ్య కొడుకుతో కలిపి మా ఒకటో తరగతి పన్నెండు మందీ సాగర్ రోడ్డు దాటకుండా ఐదో తరగతి ముగించారు.

నేను ప్రధానోపాధ్యాయురాలినై పదవీ విరమణ చేసేదాకా, ఏ టీచరు రిజిస్టరు నా బల్ల మీదికి వచ్చినా ముందు మధ్యాహ్నం గడి చూసేదాన్ని. పిల్లలు పొద్దున బడికి రావడానికి సవాలక్ష కారణాలుంటాయి, వాటిలో చాలావరకు టీచరుకు సంబంధం లేనివి. అన్నం తిన్నాక, గేటు తెరిచి ఉండగా ఎంతమంది ఆగారన్నది మాత్రం మన పని.